రిజిస్టరు ఎక్కనివి

సాఫ్ట్‌వేరు మనుషులు తమ వెర్షన్ కంట్రోల్ కథని దాచుకున్న కథగానే చెబుతారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో పోకుండా పట్టి ఉంచడం, తేడా వస్తే పాత రోజుకి వెనక్కి వెళ్లడం. నాకు మాత్రం ఆ కథలో సగం ఇంకో పనికి పోయిందనిపిస్తుంది: ఏది ఎక్కించకూడదో తేల్చుకోవడానికి. నేను ప్రోగ్రామర్ని కాను. విశాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా బోర్డు ముందు నిలబడి మొదలుపెట్టి, చివరికి డ్రాయింగుల రికార్డు చూసే మనిషిగా తేలాను. రిజిస్టరు చేతికిస్తే అందులో ఏముందో కంటే ఏం లేదో ముందు వెతకడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బు.

ఈ ఊరికి ఉక్కు కన్నా చాలా ముందు కాగితం వచ్చింది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ రోడ్డెక్కిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత చాన్నాళ్లు రాయి రాయిలాగే ఉండిపోయింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్, 1990లో ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. మధ్యలో గడిచిన కాలమంతా డ్రాయింగులదే. ఫర్నేస్ 3,200 ఘనపు మీటర్లు, కోక్ ఓవెన్లు 7 మీటర్ల ఎత్తు. అలాంటివి లేవాలంటే పునాది బోల్టు దగ్గర్నుంచి పైపు మెలిక దాకా ముందు కాగితం మీద పుట్టాలి. సోవియట్ వాళ్ల షీట్ల మీద రష్యన్ అక్షరాలు, గోస్ట్ ప్రమాణాల నంబర్లు. వాటిని చూసి చూసి మాలో కొందరికి రష్యన్ రాకపోయినా ‘బోల్టు’, ‘వెల్డు’ గుర్తుపట్టడం వచ్చేసింది.

నేను చేరిన చోట పద్ధతి ఇలా ఉండేది. డ్రాయింగు అంటే ట్రేసింగే. రోట్రింగ్ పెన్నుతో ఇంకు గీత. గీత మార్చాలంటే సగానికి విరిచిన షేవింగు బ్లేడు మొనతో ఇంకుని మెల్లగా గీకి, ఆ చోటుని గోటితో రుద్ది నున్నన చేసి, మళ్లీ గియ్యాలి. గీకిన చోట కాగితం పల్చబడుతుంది. మూడు నాలుగు రివిజన్లు దాటిన ట్రేసింగుని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే, ఇంజినీర్లు ఎక్కడెక్కడ మనసు మార్చుకున్నారో తెల్లటి మచ్చలుగా తెలిసిపోయేది. కింద కుడి మూల టైటిల్ బ్లాకులో డ్రాయింగు నంబరు, పక్కన రివిజన్ గడి. ఆ నంబరుకి రిజిస్టరులో ఒక వరుస. ట్రేసింగు స్టీలు అల్మారాలోకి పోతుంది. దాన్నుంచి అమోనియా మిషన్ మీద తీసిన ప్రింట్లు, ముక్కులు మండేలా ఎన్ని తీసినా, వాటికి రిజిస్టరులో చోటు లేదు. ఎవరికిచ్చామో ఇష్యూ పుస్తకంలో రాసుకునేవాళ్లం, అంతే. ట్రేసింగు భద్రంగా ఉంటే ప్రింటు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ఇంకో నియమం. ఒక నంబరు ఒకసారి ఎక్కిందంటే ఇక దిగదు. ఆ డ్రాయింగు అక్కర్లేకుండా పోతే ‘రద్దు’ ముద్ర పడుతుంది గానీ, వరుస కొట్టెయ్యరు, నంబరు వేరేదానికి ఇవ్వరు.

రిజిస్టరుకీ చెత్తబుట్టకీ మధ్య మూడో రకం కాగితం ఒకటుండేది: లెక్కల షీట్లు. ఇంజినీరు ఆ బీముని అంత లావు ఎందుకు వేశాడో చెప్పే పెన్సిలు లెక్కలు. వాటికి డ్రాయింగు నంబరు లేదు. అలాగని పారేసేవీ కావు. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు వాటిని బాక్సు ఫైళ్లలో కట్టి తన టేబుల్ కింద అరలో పెట్టుకునేవారు. “ఇవి రికార్డు కాదురా బాబూ. కానీ వీటి మీద చెయ్యి వేసేవంటే ఊరుకోను” అనేవారు. ఈ మూడో రకం దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక కంప్యూటర్ల సంగతి. 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రాము రాశాడు. సోర్సు ఫైలుకి రివిజన్లు కట్టడం దానితో మొదలైంది. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ తెచ్చాడు. ఈ రెండింట్లోనూ ‘వదిలెయ్యడం’ అనే బాధే లేదు. ఒక్కో ఫైలునీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నమోదు చెయ్యాలి. చెయ్యనిది వాటి లెక్కలోకే రాదు. ట్రేసింగుల రిజిస్టరు నడిపిన వాడికి ఇందులో కొత్తేం లేదు.

తంటా తెచ్చింది సీవీఎస్. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక సీ కంపైలరు రాస్తుండేవాడు. ముగ్గురికీ వేళలు కుదిరేవి కావు. ఒకరి పని ఒకరికి అడ్డు రాకుండా ఆర్‌సీఎస్ మీద కొన్ని షెల్ స్క్రిప్టులు అల్లుకున్నాడు, 1986లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. మరో మూడేళ్లకి బ్రయన్ బెర్లినర్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. ఇక్కడి నుంచి లెక్క ఫైలుది కాదు, ఫోల్డరంతటిది. ‘అప్‌డేట్’ అనగానే అది ఫోల్డరు మొత్తం తిరిగొచ్చి, తనకి తెలియని ప్రతి ఫైలు ముందూ ఒక ప్రశ్నార్థకం పెట్టి చూపిస్తుంది. కంపైలు చేసిన ఫోల్డరులో తెలియనివాటికి కొదవేముంది? ఒక్కో సోర్సు ఫైలుకి ఒక్కో ఆబ్జెక్టు ఫైలు, ఎడిటరు వదిలిన బ్యాకప్పులు, ప్రోగ్రాము కూలినప్పుడు రాలిపడిన మెమరీ డంపు. తెర నిండా ప్రశ్నార్థకాలు నిలబడితే, నిజంగా చేర్చాల్సిన కొత్త ఫైలు ఆ గుంపులో ఎవడి కంటా పడదు. అందుకని సీవీఎస్ కడుపులోనే ఒక జాబితా పొదిగారు: ఈ పేర్లు కనిపిస్తే నోరెత్తకు. మన సొంతవి చేర్చుకోవాలంటే ‘డాట్ సీవీఎస్‌ఇగ్నోర్’ అనే చిన్న ఫైలు ఫోల్డరులో పడేస్తే చాలు.

ఆ పొదిగిన జాబితా నాకు మహా ఇష్టం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు వానకి కోసుకుపోయిన చోట పొరలు బయటపడినట్టు, ఇందులో ఏ వరుస ఏ కాలం నాటిదో చదువుకోవచ్చు. మొట్టమొదట ఆర్‌సీఎస్, ఎస్‌సీసీఎస్ అనే ఫోల్డరు పేర్లు: ముందు తరం పరికరాలు వదిలిన సామాను. ‘డాట్ మేక్ డాట్ స్టేట్’, ‘డాట్ ఎన్ఎస్ఈ డెప్‌ఇన్ఫో’: సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ల రోజులు. పేరు చివర టిల్డా తోక ఉన్నవీ, ‘డాట్ ఈఎల్‌సీ’తో ముగిసేవీ ఈమాక్స్ ఎడిటరు భక్తుల ఇంటివి. ‘డాట్ ఆరిజ్’, ‘డాట్ రెజ్’ అనేవి ల్యారీ వాల్ రాసిన ప్యాచ్ ప్రోగ్రాము తాలూకు మిగుళ్లు. ఒకరు పంపిన సవరణ ఇంకొకరి ఫైలుకి అతక్కపోతే ఆ అతకని ముక్క ‘రెజ్’ అయి పక్కన పడుతుంది. ‘డాట్ ఓ’ యూనిక్స్ వాళ్లది, ‘డాట్ ఓబీజే’, ‘డాట్ ఈఎక్స్ఈ’ అవతలి గట్టు డాస్, విండోస్ వాళ్లవి. మధ్యలో ‘డాట్ బాక్’ అని ఒకటి తగిలింది. అది నాకు చుట్టం. ఆటోక్యాడ్‌లో సేవ్ కొట్టిన ప్రతిసారీ అంతకు ముందు ప్రతి ‘బాక్’గా మారి పక్కన కూర్చుంటుంది. బోర్డులు తీసేసి కంప్యూటర్లు పెట్టాక మా ఆఫీసులో డిస్కులు నింపింది అదే.

జాబితా చివర్లో ‘కోర్’ అన్న ఒక్క మాట ఉంటుంది, చుక్కా లేదు, నక్షత్రమూ లేదు. యూనిక్స్‌లో ప్రోగ్రాము చచ్చిపోతే దాని మెమరీని దిమ్మరించే ఫైలు పేరు అది. దాన్ని ఎవరూ దాచుకోరు కాబట్టి జాబితాలో ఉండటం న్యాయమే. కానీ భవనాలు కట్టేవాళ్లకి కోర్ అంటే లిఫ్టులు, మెట్లు ఉండే మధ్య కాంక్రీటు గోడల గూడు. 2003 ప్రాంతంలో ఊళ్లో ఒక చిన్న డిజైన్ ఆఫీసుకి నేను రికార్డు పని చేసిపెట్టేవాణ్ణి. అక్కడి కుర్రాడు ఉత్సాహం కొద్దీ ఒక లినక్స్ మిషన్ పెట్టి, ఒక ఎత్తయిన బిల్డింగు తాలూకు ఫోల్డర్లన్నీ సీవీఎస్‌లోకి ఎక్కించాడు. కొన్నాళ్లకి వేరే మిషన్ మీద దించి చూస్తే పునాదులు ఉన్నాయి, స్లాబులు ఉన్నాయి, కోర్ గోడల ఫోల్డరు లేదు.

“ఏటి సార్, మొత్తం ఎక్కించీసేను కదా. ఎర్రర్ ఒక్కటీ రాలేదు.”

“ఎర్రర్ రాలేదు గానీ ఇంకేం వచ్చింది? ఆ రోజు తెర మీద పడ్డది ఉందా?”

అదృష్టం కొద్దీ ఆ లాగ్ ఉంది. ఎక్కించిన ప్రతి ఫైలు ముందూ ‘ఎన్’ అక్షరం, కొత్తది అని. వందల ఎన్‌ల మధ్యలో ఒకే ఒక్క ‘ఐ’, పక్కన కోర్. ఇగ్నోర్ చేశాను అని అది చెప్పింది, ఒకే అక్షరంతో చెప్పింది. పాత మిషన్‌లో ఫోల్డరు ఇంకా ఉంది కాబట్టి, ఇంపోర్టు ఆదేశానికి ఐ ఆప్షనూ పక్కన ఒక ఆశ్చర్యార్థకమూ తగిలించి మళ్లీ నడిపాం. ఆ గుర్తు ఉంటే సీవీఎస్ తన జాబితా మొత్తం మర్చిపోయి చేతికిచ్చినవన్నీ తీసుకుంటుంది. ఫలానాది వదిలెయ్యాలని నిర్ణయించిన వాడు ఎక్కడో ఉంటాడు, అది అవసరపడ్డ వాడు ఇంకెక్కడో ఉంటాడు. ఈ జాబితాలతో నా పేచీ అదే.

తర్వాత వచ్చిన సబ్‌వెర్షన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొలాబ్‌నెట్ కంపెనీ 2000లో మొదలుపెట్టింది, 1.0 వచ్చింది 2004లో. ఇగ్నోర్ జాబితాని విడి ఫైలుగా కాక ఫోల్డరుకి అంటించిన గుణంగా పెట్టారు. విండోస్‌లో టార్టాయిస్ అనే ప్రోగ్రాము ఉంటే మౌసు కుడి బటను నొక్కి మెనూలోంచి ఇగ్నోర్ అనడమే. ఆటోక్యాడ్ తెరిచినప్పుడల్లా పుట్టే ‘డాట్ డీడబ్ల్యూఎల్’ తాళం ఫైళ్లని అలాగే వదిలించుకున్నాం. చిక్కల్లా అది ఆ ఒక్క ఫోల్డరుకే వర్తించడం. లోపలి ఫోల్డర్లకి దానంతట అది దిగే ఏర్పాటు 2013లో గానీ రాలేదు.

గిట్ పుట్టుక కథ చాలామందికి తెలిసిందే. లినక్స్ కెర్నెల్ వాళ్లు 2002 నుంచి వాడుతున్న బిట్‌కీపర్ అనే వెర్షన్ కంట్రోల్ ప్రోగ్రాముకి ఉచిత లైసెన్సు 2005లో పోవడంతో, ఆ ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ రోజుల్లో దీన్ని రాసి నిలబెట్టాడు. ఆ జూలై నుంచి జునియో హమానో చూసుకుంటున్నాడు. కెర్నెల్ వాళ్లకి వదిలెయ్యడం కొత్తేం కాదు. ప్యాచులు తయారుచేసేటప్పుడు పోల్చకూడని ఫైళ్ల పేర్లతో ‘డోంట్‌డిఫ్’ అనే జాబితా ఒకటి కెర్నెల్ డాక్యుమెంట్ల మధ్య ఉండేది.

గిట్‌లో జాబితా మూడు చోట్ల ఉండొచ్చు, ఈ విభజన చేసినవాడికి ఆఫీసు కాపురం తెలుసు. ‘డాట్ గిట్‌ఇగ్నోర్’ కోడ్‌తో పాటే కమిట్ అవుతుంది, అంటే రిజిస్టరు ఎక్కుతుంది, కాబట్టి అందరిదీ. గిట్ నిల్వ (రిపాజిటరీ) లోపల ‘ఇన్ఫో’ కింద ‘ఎక్స్‌క్లూడ్’ అనే ఫైలు ఆ ఒక్క మిషన్‌లోని ఆ ఒక్క ప్రాజెక్టుది, ఎవరికీ పోదు. మూడోది మన ఖాతా మొత్తానికి: మన ఎడిటరు, మన ఆపరేటింగ్ సిస్టమ్ వదిలే చెత్త కోసం. నా ఎడిటరు చెత్త గురించి నలుగురూ చదివే ఫైల్లో రాయడం మర్యాద కాదని నా అభిప్రాయం. ఎవరూ పాటించరు. ఈసారి ఒక్కటే వదలాలి, జాబితాలు అక్కర్లేదు అనుకునేవాళ్లకి 2014లో వచ్చిన 1.9 నుంచి ఇంకో దారి ఉంది. యాడ్ చేసేటప్పుడు కోలన్, ఆశ్చర్యార్థకం, ఆ వెంటే ఫైలు పేరు రాస్తే అది తప్ప మిగతావన్నీ చేరతాయి.

మా చెల్లెలి కూతురు ఋషికొండ మీద ఒక ఐటీ ఆఫీసులో చేస్తుంది. ఒకరోజు ఇంటికొచ్చి చిరాకు పడింది.

“మావయ్యా, ఇగ్నోర్‌లో పేరు పెట్టినా ఆ కాన్ఫిగ్ ఫైలు మళ్లీ మళ్లీ మార్పుల్లోకి వచ్చేస్తోంది.”

“అంతకు ముందే రిజిస్టరు ఎక్కిందామ్మా అది?”

“మొదటి కమిట్‌లోనే ఎక్కింది.”

“మరింకేం. ఎక్కింది దిగదు.”

గిట్‌ఇగ్నోర్ ఇంకా ఎక్కని ఫైళ్లకే వర్తిస్తుంది. ఎక్కినదాన్ని ఇకమీదట పట్టించుకోకుండా చెయ్యాలంటే ‘ఆర్ఎం’ ఆదేశానికి ‘క్యాష్డ్’ చేర్చి, డిస్కు మీద ఉంచి లెక్కలోంచి మాత్రం తీసెయ్యాలి. అప్పుడైనా పాత కమిట్లలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. వాళ్ల ఆఫీసులో ఎవరో ‘అస్యూమ్ అన్‌చేంజ్డ్’ అనే గుర్తు పెట్టమన్నారట. ఆ గుర్తు దీనికి పుట్టలేదు. డిస్కు నెమ్మదిగా ఉన్నచోట ప్రతి ఫైలునీ తడిమి చూసే పని తప్పించడానికి, ‘ఈ ఫైలు నేను ముట్టుకోను’ అని మనం గిట్‌కి ఇచ్చే మాట అది. ఇచ్చిన మాట తప్పి ఫైలు మారుస్తూ పోతే ఎప్పుడో ఒకసారి ఇతరుల మార్పులు దించుకునే ‘పుల్’ దగ్గర తగువొస్తుంది. దీనికోసం వాడొద్దని గిట్ డాక్యుమెంటేషన్లోనే రాసి ఉంది.

కాన్ఫిగ్ ఫైళ్లతో ఈ జాబితా స్వభావమే మారిపోయింది. అంతకు ముందు జాబితాలో ఉండేది చెత్త: మళ్లీ తయారుచేసుకోగలిగినది. పాస్‌వర్డులు, క్లౌడ్ తాళాలు ‘డాట్ ఎన్వ్’ అనే ఫైల్లో పెట్టడం అలవాటయ్యాక, పరులకి కనపడకూడని సొత్తు కూడా అదే జాబితాలో చేరింది. పెట్టనివాళ్లు ఏమయ్యారో అందరూ చూశారు. 2016లో ఉబర్ ఇంజినీర్ల ప్రైవేటు గిట్‌హబ్ రిపాజిటరీలో దొరికిన తాళాలతో దొంగలు క్లౌడ్‌లోకి దూరి, 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పట్టుకుపోయారు. ఆ సంగతి బయటపెట్టింది మరుసటి ఏడాది నవంబరులో. 2019లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గిట్‌హబ్ బహిరంగ కోడ్‌ని జల్లెడ పడితే లక్షకు పైగా రిపాజిటరీల్లో ఇలాంటి రహస్యాలు తేలాయి. ఒకసారి పొరపాటున ఎక్కితే ఆ తాళమే మార్చుకోవాలి. చరిత్రని తిరగరాసే పరికరాలు ఉన్నాయి గానీ, ఈలోపు ఎవరు కాపీ తీసుకున్నారో వాటికి తెలియదు.

ఎక్కించకుండా జాగ్రత్తపడ్డవాళ్లకి ఇంకో వైపు నుంచి దెబ్బ తగిలింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. కొండ మీద ఒక చిన్న ఆఫీసులో అద్దాలు పగిలి వాన నీళ్లు కంప్యూటర్ల మీద పడ్డాయి. కుర్రాళ్లు భయపడలేదు, కోడంతా దూరపు సర్వర్లో ఉంది కదా. కరెంటొచ్చాక కొత్త మిషన్ల మీదకి క్లోన్ చేశారు. కోడు వచ్చింది. నడవలేదు. సర్వర్ల చిరునామాలు, తాళాలు, పరీక్షల కోసం ఒకమ్మాయి నెలల తరబడి పోగేసుకున్న నమూనా డేటా, అన్నీ గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నాయి. అంటే తడిసిన ఆ డిస్కుల్లో తప్ప ఇంకెక్కడా లేవు. తాళాలు కొత్తవి చేయించుకున్నారు. డేటా పోయినట్టే.

నేను మళ్లీ వస్తానన్న మూడో రకం ఇదే. గిట్‌కి ఫైళ్లు రెండే జాతులు: లెక్కలో ఉన్నవి, లేనివి. లెక్కలో లేనివాటిలో ఇగ్నోర్ చేసినవాటిని పోయినా పర్వాలేదన్నట్టు చూస్తుంది. ‘క్లీన్’ ఆదేశానికి పెద్ద ఎక్స్ తగిలిస్తే ఇగ్నోర్ జాబితాలోవన్నీ ఏరి ఏరి తుడిచేస్తుంది, ఆబ్జెక్టు ఫైలూ పోతుంది, దాంతోపాటు డాట్ ఎన్వూ పోతుంది. ఇంకో బ్రాంచిలో అదే పేరుతో ఎక్కిన ఫైలుంటే, అటు మారినప్పుడు మన ఇగ్నోర్ ఫైలు మీద అడక్కుండానే రాసేస్తుంది. నమోదు చెయ్యొద్దు, కానీ పారెయ్యనూ వద్దు అని చెప్పే ఏర్పాటు ఒకటి కావాలని గిట్ రాసేవాళ్ల మధ్యే చర్చలు నడిచాయి. ‘ప్రెషస్’ అని దానికి పేరు కూడా అనుకున్నారు. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారికి టేబుల్ కింద అర ఒకటి సరిపోయింది.

ఏర్పాటు వచ్చేదాకా మా మేనకోడలి టీమ్‌లో ఇలా చేస్తున్నారు. తాళాల చోట ఖాళీలు ఉంచిన నమూనా ఫైలుని కమిట్ చేస్తారు, అసలుది ప్రాజెక్టు ఫోల్డరు బయట పెడతారు. ఫైలు ఎందుకు కనిపించట్లేదో తెలియకపోతే 2013లో వచ్చిన ‘చెక్ ఇగ్నోర్’ ఆదేశం ఉంది. ఏ జాబితాలో ఎన్నో వరుస దాన్ని మింగిందో చూపిస్తుంది. ఎందుకు మింగాలో మాత్రం ఏ ఆదేశమూ చెప్పదు కాబట్టి, ప్రతి వరుస పైనా హ్యాష్ పెట్టి కారణం రాసుకోమని నేనే పోరు పెట్టాను. గిట్‌హబ్ వాళ్లు భాషవారీగా తయారుచేసి ఉంచిన జాబితాల్లోంచి ఎప్పుడో ఎవరో ఎత్తుకొచ్చిన వరుసలు అందులో చాలా ఉన్నాయి. కారణం దొరకని వాటిని ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తీసేశాం. మ్యాక్ వాడేవాళ్లు టీమ్‌లో ఒక్కరూ లేరని ‘డాట్ డీఎస్ స్టోర్’ వరుస కూడా తను కొట్టేసింది. వారం తిరక్కుండా మ్యాక్‌బుక్ చంకన పెట్టుకుని కొత్త కుర్రాడు చేరాడు.